మాటా స్వరమూ ఒకే చేతిలో: ఆపరెట్టా ఆవిర్భావంలో ఎర్వే (1825–1892) స్థానం

వ్యాససంగ్రహం

పంతొమ్మిదో శతాబ్ది పారిస్‌లో రూపుదిద్దుకున్న ఆపరెట్టా అనగానే జాక్ ఆఫెన్‌బాక్ పేరు స్ఫురిస్తుంది. అతనికంటే కొన్నేళ్ళ ముందే అదే నగరంలో హాస్య సంగీతరూపకాలకు తానే పాఠం రాసి, తానే స్వరపరచి, తానే పాడి, వాద్యబృందాన్ని కూడా నడిపించిన ఫ్లోరిమొన్ రోంజే, అంటే రంగస్థలనామంతో ఎర్వే, నేడు ప్రధానంగా ఒక్క కృతితో గుర్తుండిపోయాడు. ఆ కృతికి పాఠం రాసింది అతను కాదు. ఈ వైపరీత్యానికి కారణాలను ఎర్వే జీవితం, నాటకశాలల అనుమతి నిబంధనలు, అతని రచనల స్వభావం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆపరెట్టా, లిబ్రెట్టో, ఎర్వే, ఆఫెన్‌బాక్, వాగ్గేయకారుడు, నాటకశాలల అనుమతులు, పారడీ.

1. ప్రవేశిక

ఐరోపా సంగీతనాటకంలో లిబ్రెట్టో (సంగీతనాటక పాఠం) రాసేవారు వేరు, దానికి స్వరాలు కూర్చేవారు వేరు. పంతొమ్మిదో శతాబ్ది పారిస్‌లో ఈ శ్రమవిభజన దాదాపు నియమంగా స్థిరపడింది. ఒకే పాఠాన్ని ఇద్దరు రచయితలు కలిసి రాయడం కూడా పరిపాటే. ఆఫెన్‌బాక్ ప్రసిద్ధ కృతులలో అనేకం వెనుక ఆన్రీ మేయాక్, లుదోవిక్ అలెవీ అనే రచయితల జంట ఉంది.

తెలుగు పాఠకులకు ఈ విభజన కొంత వింతగా తోచవచ్చు. శార్ఙ్గదేవుని ‘సంగీతరత్నాకరం’ సాహిత్యాన్ని ‘మాతు’ అనీ, సంగీతాన్ని ‘ధాతు’ అనీ వ్యవహరించి, రెండింటినీ కూర్చగలవాడిని వాగ్గేయకారుడని చెప్పింది. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగరాజులను చదువుకున్న మనకు మాటా స్వరమూ ఒకరివే కావడం సహజంగా కనిపిస్తుంది. పారిస్ హాస్యనాటకశాలల్లో అది అరుదైన విషయం. భక్తి సంప్రదాయంలోని పదాన్ని టిక్కెట్టు కొని చూసే వినోదానికి అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరమే. అయినా రచనావిధానం వరకు పరిమితమై చూస్తే, ఎర్వేను అర్థం చేసుకోవడానికి ఈ భావన ఉపకరిస్తుంది.

ఆపరెట్టాకు ‘పితామహుడు’ ఎర్వేనా, ఆఫెన్‌బాకా అన్న వాదం చాలాకాలంగా ఉంది. ఈ వ్యాసం ఆ వాదంలో తీర్పు చెప్పబోదు. ఎర్వే ఏ పరిస్థితులలో అన్ని పనులూ తానే చేయవలసి వచ్చింది? ఆ ఏకకర్తృత్వం అతని రచనలకు ఏ గుణాన్నిచ్చింది? తరువాతి కాలంలో అదే వాటి మనుగడకు ఎలా అడ్డయింది? ఈ మూడు ప్రశ్నలే ఇక్కడ ప్రధానం.

2. చర్చి, ఆసుపత్రి, రంగస్థలం

ఫ్లోరిమొన్ రోంజే 1825 జూన్ 30న ఉత్తర ఫ్రాన్సులో ఆరాస్ పట్టణానికి సమీపాన ఉన్న ఊదాన్‌లో జన్మించాడు. తండ్రి జాందార్మ్, అంటే సైనిక క్రమశిక్షణ గల పోలీసు దళంలో ఉద్యోగి. తల్లి స్పానిష్ స్త్రీ. పదేళ్ళ ప్రాయంలో తండ్రి మరణించగా తల్లితో పారిస్ చేరాడు. సెన్-రోక్ చర్చిలో బాలగాయకుడిగా సంగీతం నేర్చుకున్నాడు. ఆనాటి ఫ్రెంచ్ హాస్య ఆపెరాలో అగ్రగణ్యుడైన ఒబేర్ వద్ద కూడా కొంత శిక్షణ పొందాడు.

కౌమారంలోనే అతనికి పారిస్ శివారులోని బిసెత్ర ఆసుపత్రి ప్రార్థనామందిరంలో ఆర్గన్ వాయించే ఉద్యోగం దొరికింది. వృద్ధులకూ మానసిక రోగులకూ ఆశ్రయమిచ్చే ఆ సంస్థ అప్పటికే వైద్యచరిత్రలో ప్రసిద్ధం. పద్దెనిమిదో శతాబ్ది చివర ఫిలిప్ పినెల్ పనిచేసింది అక్కడే. ఎర్వే అక్కడి రోగులకు సంగీతం నేర్పి, వారితో ప్రదర్శనలు చేయించాడు. స్క్రీబ్ తదితరుల పాత ప్రహసనం ‘ఎలుగుబంటి, పాషా’కు 1842 ప్రాంతంలో అతను కూర్చిన సంగీతం ఈ దశకు చెందినదే. అతని రంగస్థల జీవితం నాటకశాలలో కాక చికిత్సాలయంలో మొదలైందన్నది గమనార్హం. తర్కం తప్పిన మాటల పట్ల అతని జీవితకాలపు మక్కువను ఈ అనుభవంతో నేరుగా ముడిపెట్టడం తొందరపాటే అవుతుంది. అయితే శిక్షణ లేని గొంతులతో, దొరికిన మనుషులతో, చేతిలో ఉన్న సాధనాలతో ప్రదర్శనను నిలబెట్టే నేర్పు మాత్రం అక్కడే అలవడిందనుకోవచ్చు.

1845లో పారిస్ నడిబొడ్డున ఉన్న సెంత్-ఉస్తాష్ చర్చిలో ఆర్గనిస్టు పదవి అతనికి లభించింది. అంత పేరున్న చర్చి ఉద్యోగికి నాటకశాలతో బహిరంగ సంబంధం గౌరవప్రదం కాదు. అందుచేత చర్చిలో రోంజేగా, రంగస్థలంపై ఎర్వేగా రెండు పేర్లతో కొన్నేళ్ళపాటు రెండు జీవితాలు గడిపాడు.

3. 1848: ఇద్దరు నటుల రూపకం

ఎర్వే తొలి ముఖ్యరచన ‘దోన్ కిషోత్, సాంకో పాన్సా’. దేసిరే అనే పొట్టి, లావుపాటి హాస్యనటుడి కోసం, పొడుగ్గా సన్నగా ఉండే తన ఆకారాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని అతను ఈ రూపకాన్ని కల్పించాడు. సెర్వాంతెస్ పాత్రల జంట ఈ శరీరాలకు సరిగ్గా సరిపోయింది. ఇది 1848 మార్చి 5న స్వరకర్త అదోల్ఫ్ ఆదాం నెలకొల్పిన ఒపెరా-నస్యొనాల్‌లో ప్రదర్శితమైంది. దానికి కొద్దిరోజుల ముందే ఫిబ్రవరి విప్లవం రాజు లూయీ-ఫిలిప్‌ను గద్దె దింపింది. ఆ కల్లోలంలోనే ఆ నాటకశాల మూతపడి, ఆదాం అప్పులపాలయ్యాడు.

స్వరకర్త రేనాల్డో హాన్ దీనినే తొలి ఆపరెట్టాగా పరిగణించాడు. ‘తొలి’ అన్న మాటను పక్కనపెట్టి చూసినా, ఈ కృతి నిర్మాణంలో ఒక విశేషం ఉంది. ఇక్కడ పాఠం ముందుగా సిద్ధమై సంగీతం కోసం వేచి ఉండలేదు. ఇద్దరు నటుల దేహాలు, వారి గొంతుల పరిధి, వారు నవ్వించగల తీరు మొదట ఉన్నాయి. మాటా స్వరమూ కలిసి వాటి నుంచి పుట్టాయి. రచయిత, స్వరకర్త, నటుడు ఒక్కరే అయినప్పుడే ఈ క్రమం ఇంత సులువుగా సాధ్యమవుతుంది.

4. అనుమతి నిబంధనలు మలచిన ప్రక్రియ

ఆపరెట్టా ఆవిర్భావాన్ని ప్రతిభావంతుల కథగా మాత్రమే చెబితే ఒక ముఖ్యాంశం జారిపోతుంది. 1807లో నెపోలియన్ శాసనం పారిస్ నాటకశాలల సంఖ్యను ఎనిమిదికి కుదించి, ఏ శాల ఏ ప్రక్రియను ప్రదర్శించాలో నిర్దేశించింది. తరువాతి ప్రభుత్వాలు శాలల సంఖ్యను పెరగనిచ్చినా, అనుమతిపత్రంలో షరతులు విధించే పద్ధతిని విడిచిపెట్టలేదు. ఎన్ని అంకాలు ఉండాలి, ఎందరు పాడాలి అన్నవి కూడా ప్రభుత్వమే నిర్ణయించేది. పెద్ద ఆపెరా శాలల ప్రత్యేక హక్కులను కాపాడటం ఈ షరతుల ఉద్దేశం.

ఓదెయోన్, పాలే-రోయాల్ నాటకశాలల్లో వాద్యబృంద నిర్వాహకుడిగా పనిచేసిన తరువాత ఎర్వే 1854లో బూల్వార్ ద్యు తాంప్ల్‌లో ఒక చిన్న శాలను చేపట్టాడు. మొదట ఫోలీ-కొంసెర్తాంత్ అన్న పేరుతో నడిచిన ఆ శాల అదే ఏడాది ఫోలీ-నువెల్‌గా మారింది. మూకాభినయాలతో పాటు, ఇద్దరు పాత్రధారులకు మించని ఏకాంక సంగీతరూపకాలను ప్రదర్శించడానికే దానికి అనుమతి ఉంది. ఆ పరిమితిలోనే ఎర్వే కొత్త కొత్త రూపకాలను వెంటవెంటనే సిద్ధం చేశాడు. ‘పిచ్చి పట్టిన స్వరకర్త’ అని అర్థమిచ్చే ‘ల కొంపొజితర్ తొకే’ వీటిలో ఒకటి. ఈ పేరు తరువాత అతనికే బిరుదులా అతుక్కుపోయింది.

ఇదే శాలలో 1855 జూన్‌లో ఆఫెన్‌బాక్ రచన ‘ఓయాయే’ ప్రదర్శితమైంది. పెద్ద శాలల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి విసిగిన ఆఫెన్‌బాక్‌కు ఎర్వే తలుపు తెరిచాడు. కొద్దిరోజులకే, జూలై 5న, ఆఫెన్‌బాక్ తన సొంత శాల బుఫ్-పారిజియెన్‌ను షాంజెలిజే వద్ద ప్రారంభించాడు. ఆ ఏడాది జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన సందర్శకులు అతనికి కలిసివచ్చారు. అతనికీ పాత్రల సంఖ్యపై షరతు తప్పలేదు. 1857 నాటి ‘క్రోక్‌ఫేర్’లో అనుమతికి మించిన పాత్రను నాలుక తెగిన యోధుడిగా చూపి, అతని మాటలను అట్టలపై రాసి ప్రదర్శించడం ఈ షరతును ఎగతాళి చేయడానికే. 1858లో ఆంక్షలు సడలిన తరువాతే, పెద్ద పాత్రవర్గంతో రెండంకాల ‘నరకంలో ఆర్ఫియస్’ సాధ్యమైంది.

కనుక తొలి ఆపరెట్టాల చిన్న పరిమాణం, విపరీత హాస్యం, అసంబద్ధ సంభాషణలు కేవలం రచయితల అభిరుచి ఫలితాలు కావు. కథను విస్తరించే వీలు లేనిచోట మాటను మెలితిప్పక తప్పదు. పైగా తక్కువ ఖర్చుతో నిత్యం కొత్త సరుకు అందించవలసిన చిన్న శాలకు అన్ని పనులూ చేయగల మనిషి గొప్ప పెట్టుబడి. ఎర్వే సమకాలికుడు వాగ్నర్ కూడా తన ఆపెరాలకు తానే పాఠం రాసుకున్నాడు. అతను దానికి ఒక కళాసిద్ధాంతాన్ని నిర్మించాడు. ఎర్వే విషయంలో అది బతుకుతెరువు నేర్పిన పద్ధతి.

5. పతనం, పునరాగమనం, విజయం

1856లో ఎర్వే జీవితం తలకిందులైంది. మైనరు పట్ల జరిగిన నేరంలో అతనికి శిక్ష పడి జైలుకు వెళ్ళాడు. కొన్ని ప్రశంసాత్మక పరిచయాలు ఈ ఘట్టాన్ని దాటవేస్తాయి. దాన్ని దాచడం చరిత్రకు మేలు చేయదు. అందులో బాధితపక్షం ఒకటి ఉందన్న సంగతిని మరుగుపరచడమే అవుతుంది. వృత్తిపరంగా చూస్తే ఇది నిర్ణాయక సమయం. ఆఫెన్‌బాక్ తన శాలను, రచయితలను, ప్రేక్షకులను స్థిరపరచుకున్న ఏళ్ళలో ఎర్వే రంగంలో లేడు. విడుదలయ్యాక ఇతర పట్టణాల్లో పాడుతూ, వాద్యబృందాలు నడుపుతూ, తరువాత పారిస్‌లో ఎల్డొరాడో వంటి కెఫే-కచేరీ వేదికల్లో పనిచేస్తూ మళ్ళీ మొదటినుంచి ఎదగవలసి వచ్చింది.

1864 జనవరి 6 నాటి శాసనం నాటకశాలల స్థాపనకు స్వేచ్ఛనిచ్చి పాత షరతులను తొలగించింది. దీని ఫలితం ఎర్వే రచనల పరిమాణంలోనే కనిపిస్తుంది. 1866లో బుఫ్-పారిజియెన్‌లో మూడంకాల ‘గుండ్రబల్ల వీరులు’ వచ్చింది. 1867 అక్టోబరులో ఫోలీ-ద్రమాతిక్‌లో ‘లోయ్ క్రెవే’ (గుచ్చుకున్న కన్ను), 1868 అక్టోబరులో అక్కడే ‘షిల్పెరిక్’ వచ్చాయి. ఈ చివరి రెండింటికీ పాఠం కూడా ఎర్వేదే. అతని ఏకకర్తృత్వం పూర్ణరూపంలో కనిపించేది వీటిలోనే.

‘లోయ్ క్రెవే’ విలుకాండ్ర పోటీల చుట్టూ అల్లిన కథ. గంభీరమైన ఆపెరాల సన్నివేశాలను వెక్కిరిస్తుంది. అందులో నవ్వులపాలయ్యే పాత్రలలో ఒక జాందార్మ్ కూడా ఉన్నాడు. ‘షిల్పెరిక్’ ఆరో శతాబ్దికి చెందిన మెరొవింజియన్ రాజు కథ. ఫ్రెంచ్ పాఠ్యపుస్తకాల్లో హత్యలకూ కుట్రలకూ పేరుమోసిన ఆ వంశాన్ని అతను ప్రహసనంగా మార్చాడు. రాజు పాత్రను తానే ధరించి, గుర్రంపై రంగప్రవేశం చేశాడు. రాణి ఫ్రెదెగోంద్ పాత్ర ధరించిన బ్లాంష్ దాంతిన్యీ తరువాత ఎమిల్ జోలా ‘నానా’ నవల నాయికకు ఒక మాతృకగా ప్రసిద్ధి పొందింది.

1869 వసంతంలో గూనో ‘ఫౌస్ట్’ పారిస్ ఆపెరా వేదికకెక్కింది. వెంటనే ఏప్రిల్‌లో ఎర్వే ‘ల పెతి ఫౌస్ట్’ (చిట్టి ఫౌస్ట్) వచ్చింది. మూలం ప్రేక్షకుల చెవుల్లో ఇంకా మోగుతుండగానే దాని పారడీ పక్క శాలలో వినిపించిందన్నమాట. దీనికి పాఠం క్రెమ్యూ, జేమ్ అనే రచయితలది, ప్రధానపాత్ర ఎర్వేదే. 1870 జనవరిలో లండన్ లైసియం థియేటర్‌లో ‘షిల్పెరిక్’ను ఇంగ్లీషులో తానే పాడి ప్రదర్శించాడు. అదే ఏడాది ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం మొదలై రెండో సామ్రాజ్యం కూలిపోయింది.

6. ఏకకర్తృత్వం: బలం, బలహీనత

మాటా స్వరమూ ఒకరివే అయినప్పుడు మాటకు అర్థం ఉండి తీరాలన్న ఒత్తిడి తగ్గుతుంది. పాట నడకకు అక్షరాలు కావాలి; అవి పొందికైన వాక్యం కాకపోయినా ఫరవాలేదు. ఎర్వే పాఠాల్లో కారణం లేని మలుపులు, అకస్మాత్తుగా తెగిపోయే తర్కం, శబ్దసామ్యం కోసమే వచ్చే పదాలు విరివిగా కనిపిస్తాయి. పాఠకుడికి అవి లోపాలుగా తోచవచ్చు. వేదికపై అవి స్వరంతో, నటుడి ముఖకవళికలతో కలిసి పనిచేస్తాయి. ఆఫెన్‌బాక్‌లో అసంబద్ధత లేదని కాదు. 1855 నాటి ‘బా-తా-క్లాం’లో అర్థంలేని కల్పితభాష వినిపిస్తుంది. అయితే అక్కడ అది కథ విధించిన ఎత్తుగడ. చైనా కొలువులో చిక్కుకున్న ఫ్రెంచివారి రహస్యం బయటపడటంతో దానికి సమాధానం దొరుకుతుంది. ఎర్వే అసంబద్ధత తరచుగా ఏ సమాధానాన్నీ ఆశించదు.

మేయాక్, అలెవీల పాఠాల్లో రెండో సామ్రాజ్యపు దర్బారు, సైన్యం, ఉన్నతవర్గం స్పష్టంగా గుర్తుపట్టగల వ్యంగ్యానికి గురయ్యాయి. అందుచేత తరువాతి చరిత్రకారులకు ఆఫెన్‌బాక్ కృతులు యుగదర్పణాలుగా ఉపయోగపడ్డాయి. ఎర్వే హాస్యం ఎవరిని లక్ష్యం చేసుకుందో తేల్చి చెప్పడం కష్టం. అనువాదానికీ అది సులువుగా లొంగదు. రచయితే నటుడైనందున కృతిలోని సగభాగం కాగితం మీద లేదు. అతని దేహంతోనే పోయింది.

1870ల అభిరుచి కూడా మారింది. లెకోక్ ‘మదాం ఆంగో కూతురు’ 1872లో బ్రసెల్స్‌లో వెలువడి, 1873లో ఎర్వే విజయాలకు వేదికైన ఫోలీ-ద్రమాతిక్‌లోనే ఘనవిజయం సాధించింది. పొందికైన కథ, మృదువైన భావాలు, సుఖాంతం కోరుకున్న యుద్ధానంతర ప్రేక్షకులు ఎర్వే తీరుకు దూరమయ్యారు. 1875లో సొంత పాఠంతో అతను తెచ్చిన ‘అలీస్ ద నెవేర్’ విఫలమైంది. 1878లో ‘నరకంలో ఆర్ఫియస్’ పునఃప్రదర్శనలో జూపిటర్ పాత్ర ధరించినప్పుడు, ఒకనాడు తాను తలుపు తెరిచిన మనిషి కృతిలో అతను ఒక నటుడు.

7. ‘మామ్‌జెల్ నితూష్’: కల్పనే సాక్ష్యమైన వేళ

ఎర్వే చివరి విజయపరంపర వారియేతే నాటకశాలలో, గాయని ఆన్నా జూదిక్ కోసం కూర్చిన కృతులతో వచ్చింది. 1879లో ‘లా ఫామ్ ఆ పపా’, 1882లో ‘లిలీ’, 1883 జనవరి 26న ‘మామ్‌జెల్ నితూష్’ వెలువడ్డాయి. వీటి పాఠాలు ఇతరులవి. ‘నితూష్’ రచయితలు మేయాక్, మియో. అందులో సెలెస్తాం అనే భక్తిపరుడైన ఆర్గనిస్టు పగలు కాన్వెంటు బాలికలకు సంగీతం నేర్పుతూ, ఫ్లోరిదోర్ అన్న మారుపేరుతో రహస్యంగా ఆపరెట్టా రాస్తుంటాడు. ఫ్లోరిమొన్ నుంచి ఫ్లోరిదోర్ ఎంత దూరమో ఆనాటి ప్రేక్షకులకు చెప్పనక్కరలేదు. ఈ కృతి 1931లో, 1954లో చలనచిత్రాలుగా వచ్చి ఇరవయ్యో శతాబ్దిలోనూ నిలిచింది.

ఇక్కడ పరిశోధకులు ఒక చిక్కును గుర్తించాలి. ఎర్వే జీవితాన్ని ఆధారంగా చేసుకుని ఈ పాఠం పుట్టింది. తరువాత అతని జీవితాన్ని ఈ పాఠం వెలుగులోనే చెప్పడం అలవాటైంది. ‘పగలు చర్చి, రాత్రి నాటకశాల’ అన్న సూత్రం అందంగా ఉంటుంది, అబద్ధమూ కాదు. కానీ నాటకం ఆ ద్వంద్వజీవితాన్ని ముచ్చటైన చిలిపితనంగా మార్చింది. బిసెత్ర రోగులు, పోషించవలసిన కుటుంబం, అనుమతిపత్రం షరతులు, జైలుశిక్ష అందులో లేవు. జీవితచరిత్ర కల్పనను అనుసరించినప్పుడు కల్పన వదిలేసినవి చరిత్ర నుంచి కూడా జారిపోతాయి. మన వాగ్గేయకారుల చరిత్రను హరికథల నుంచీ చలనచిత్రాల నుంచీ వేరుచేసి చూడవలసి వచ్చిన తెలుగు పరిశోధకులకు ఈ చిక్కు కొత్తది కాదు.

ఎర్వే 1880ల చివర లండన్ ఎంపైర్ థియేటర్‌కు బాలే సంగీతం సమకూర్చాడు. తరువాత పారిస్ చేరి, 1892 నవంబరులో అక్కడే మరణించాడు. మూడేళ్ళకు, 1895లో, ‘షిల్పెరిక్’ వారియేతేలో తిరిగి ప్రదర్శితమైంది. ఆ ప్రదర్శనలో మార్సెల్ లాందేర్ చేసిన బొలేరో నృత్యాన్ని తులూజ్-లోత్రెక్ చిత్రించాడు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆ చిత్రం నేడు ఆపరెట్టా కంటే ఎక్కువ ప్రసిద్ధం. ఇటీవల పాలాజ్జెట్టో బ్రూ జానే సంస్థ ‘గుండ్రబల్ల వీరులు’, ‘మామ్‌జెల్ నితూష్’లను పునఃప్రదర్శించడంతో ఎర్వే కృతులు మళ్ళీ వినికిడిలోకి వచ్చాయి.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది: ఆపరెట్టా రూపాన్ని వ్యక్తుల ప్రతిభతో పాటు అనుమతి నిబంధనలు కూడా మలిచాయి. ఎర్వే రచనల పరిమాణం 1864కు ముందు ఒకలా, తరువాత మరొకలా ఉండటం దీనికి నిదర్శనం. రెండోది: పాఠం, స్వరం, నటన ఒక్కరివే కావడం అతని కృతులకు ప్రత్యేక జీవం పోసింది, ఆ ఒక్కరూ లేనప్పుడు వాటిని నిలబెట్టడం ఇతరులకు కష్టమైంది. ఆఫెన్‌బాక్ కృతులు సహరచయితల వల్ల పాఠంగానూ బతికాయి. మూడోది: తన మాటలు తానే రాసుకున్న మనిషి ఇతరులు తన గురించి రాసిన మాటల్లో గుర్తుండిపోయాడు.

‘ఎవరు ముందు?’ అన్న ప్రశ్నకు సమాధానం ఒక తేదీతో ముగుస్తుంది. ‘ఏ పని ఎవరి చేతిలో ఉంది, ఆ పనిలో కాగితంపై నిలిచేది ఎంత?’ అన్న ప్రశ్న ప్రక్రియాచరిత్రకు ఎక్కువ ఉపకరిస్తుంది. ప్రదర్శనతోనే పూర్తయ్యే తెలుగు యక్షగాన, కలాప, పద్యనాటక సంప్రదాయాలను అధ్యయనం చేసేటప్పుడు కూడా ఈ ప్రశ్న అంతే అవసరం.